వేడికి చలించని వోల్టేజీ... విడ్లర్‌ చలవే!

ఆర్డ్వినో ఉనో బోర్డు వాడినవాళ్లు ఏఆర్‌ఈఎఫ్‌ అనే పిన్నును చూసే ఉంటారు. దాని నుంచి గ్రౌండ్‌కు ఒక బుల్లి కెపాసిటర్‌ ఉంటుంది. అదెందుకని ఎంబెడెడ్‌ ఇంటర్వ్యూలో అడిగితే చాలామంది నాయిస్‌ తగ్గడానికని చెప్పి ఆగిపోతారు. ఆ నాయిస్‌ ఎక్కడిది? ఆ పిన్ను వెనక ఉన్న వోల్టేజీ ఎలా పుట్టింది? జవాబు కావాలంటే బాబ్‌ విడ్లర్‌ జీవితం తెలుసుకోవాలి.

రేడియో ఇంట్లో పుట్టి...
విడ్లర్‌ 1937లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పుట్టారు. తండ్రి సొంతంగా నేర్చుకుని రేడియో స్టేషన్‌లో ఇంజినీరైనవాడు. దాంతో విడ్లర్‌కు చిన్నప్పటి నుంచే సర్క్యూట్లతో పరిచయం. 1958లో వైమానిక దళంలో చేరి, ఎలక్ట్రానిక్‌ పరికరాల మరమ్మతు గురించి సిబ్బందికి పాఠాలు చెప్పారు. 1961లో బయటకొచ్చి ఒకవైపు ఉద్యోగం చేస్తూనే కొలరాడో యూనివర్సిటీలో చదివి, 1963లో డిగ్రీ పూర్తిచేశారు. అదే ఏడాది ఫెయిర్‌చైల్డ్‌ సెమీకండక్టర్‌లో చేరారు.

అప్పట్లో చిప్పులంటే ఎక్కువగా డిజిటలే. ట్రాన్సిస్టర్లు, రెసిస్టర్లు విడివిడిగా పెట్టి చేసే అనలాగ్‌ సర్క్యూట్‌నే యథాతథంగా సిలికాన్‌ మీదకు ఎక్కించాలని చూసేవారు. విడ్లర్‌ మరో దారి పట్టారు. చిప్పు మీద పెద్ద రెసిస్టర్‌కు చాలా చోటు కావాలి. అదే ట్రాన్సిస్టర్లైతే చౌక, పైగా పక్కపక్కనే తయారవుతాయి కాబట్టి అచ్చం ఒకేలా పనిచేస్తాయి. ఈ గుణాన్నే ఆయన ఆయుధం చేసుకున్నారు. ప్రాసెస్‌ ఇంజినీర్‌ డేవ్‌ టాల్బర్ట్‌తో కలిసి 1964లో 702, 1965లో 709 ఆప్‌ఆంప్‌లు తెచ్చారు. 709 విపరీతంగా అమ్ముడుపోయింది.

కెపాసిటర్‌ బయటా... లోపలా?
709కి ఒక చిక్కు ఉండేది. సర్క్యూట్‌ ఊగిసలాడకుండా ఉండాలంటే బయట రెండు కెపాసిటర్లు, ఒక రెసిస్టర్‌ పెట్టాలి. తర్వాత నేషనల్‌ సెమీకండక్టర్‌కు మారిన విడ్లర్‌, 1967లో ఎల్‌ఎం101తో ఆ బెడదను 30 పికోఫారడ్ల ఒకే కెపాసిటర్‌కు తగ్గించారు. మరుసటి ఏడాది ఫెయిర్‌చైల్డ్‌ దాన్ని కూడా చిప్పు లోపలే పెట్టి 741ని విడుదల చేసింది. మీరు ల్యాబ్‌లో వాడే 741 అదే.

ఫెయిర్‌చైల్డ్‌ వదలడానికి కారణాన్ని విడ్లర్‌ దాచుకోలేదు. తాను ధనవంతుణ్ని కావాలనుకుంటున్నానని ఎగ్జిట్‌ ఫారంలో ఒక్క ముక్క రాసి, మిగతాదంతా ఖాళీగా వదిలేశారు!

సిలికాన్‌ ఇచ్చిన కొలబద్ద
స్థిరమైన వోల్టేజీకి అప్పట్లో జీనర్‌ డయోడే దిక్కు. అది బాగా పనిచేయాలంటే ఆరేడు వోల్టులు కావాలి. ట్రాన్సిస్టర్‌ బేస్‌-ఎమిటర్‌ వోల్టేజీని వాడదామంటే, అది డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టుల చొప్పున పడిపోతుంది. అయితే రెండు ట్రాన్సిస్టర్లను వేర్వేరు కరెంట్‌ సాంద్రతలతో నడిపితే, వాటి బేస్‌-ఎమిటర్‌ వోల్టేజీల మధ్య తేడా వేడితోపాటు పెరుగుతుంది. పెరిగేదాన్ని తగినంత పెద్దది చేసి, తగ్గేదానికి కలిపితే? మొత్తం దాదాపు 1.2 వోల్టుల దగ్గర నిలబడుతుంది. సిలికాన్‌ బ్యాండ్‌గ్యాప్‌కు దగ్గరి విలువ కాబట్టే దీన్ని బ్యాండ్‌గ్యాప్‌ రిఫరెన్స్‌ అంటారు. ఈ ఆలోచన 1964లోనే ఫెయిర్‌చైల్డ్‌లో హిల్బైబర్‌ చేశారు. దాన్ని చిప్పులో ఇమిడేలా మలిచింది విడ్లర్‌. 5 వోల్టుల రెగ్యులేటర్‌ ఎల్‌ఎం109లో, తర్వాత 1971 నాటి ఎల్‌ఎం113 రిఫరెన్స్‌లో ఇదే సూత్రం.

మీ బోర్డు మీద...
ఉనోలోని ఏటీమెగా328పీ చిప్పు 1.1 వోల్టుల రిఫరెన్స్‌ కూడా బ్యాండ్‌గ్యాప్‌ నుంచి వచ్చేదే. దాన్ని 10 బిట్ల ఏడీసీ 1024 మెట్లుగా పంచుతుంది. అంటే ఒక్కో మెట్టు 1 మిల్లీవోల్టుకు కాస్త ఎక్కువ. రిఫరెన్స్‌ 10 మిల్లీవోల్టులు ఊగితే, పూర్తి స్థాయి దగ్గర రీడింగ్‌ దాదాపు 9 మెట్లు మారిపోతుంది. చిప్పులో డిజిటల్‌ భాగం చేసే రొద ఒకటి, ఏడీసీ ప్రతి బిట్‌ తేల్చేటప్పుడు రిఫరెన్స్‌ నుంచి లాగే చిన్న చిన్న చార్జి గుటకలు మరొకటి. పిన్నుకు దగ్గరగా పెట్టిన 100 నానోఫారడ్ల కెపాసిటర్‌ ఆ చార్జిని అక్కడికక్కడే అందిస్తుంది.

అలాగని పెద్ద కెపాసిటర్‌ పెడితే ఇంకా మంచిదనుకోవద్దు. వోల్టేజీ స్థిరపడటానికి ఎక్కువ సమయం పడుతుంది. రిఫరెన్స్‌ మార్చాక వచ్చే తొలి రీడింగ్‌ను పక్కన పెట్టమనేది అందుకే. లోపల బఫర్‌ ఉన్న కొన్ని చిప్పుల్లో విలువ తప్పితే అవుట్‌పుట్‌ ఊగిసలాడొచ్చు కూడా. 709 నాటి చిక్కే ఇది! కాబట్టి ఏ చిప్పుకు ఎంత అన్నది డేటాషీట్‌లో చూడాల్సిందే. ఇంకోమాట: కెపాసిటర్‌ ఊగిసలాటనే ఆపుతుంది. 1.1కి బదులు 1.05 వస్తుంటే సరిచేయదు, దానికి కాలిబ్రేషన్‌ కావాలి.

ప్రతిభ ఒక్కటే చాలదు
విడ్లర్‌కు తాగుడు, కోపం రెండూ ఎక్కువే. ఖర్చు తగ్గించుకోవాలని కంపెనీ గడ్డి కోయించడం మానేస్తే, ఒక గొర్రెను తెచ్చి ఆఫీసు ముందు మేపిన మనిషి. 1970 చివర్లో, 33 ఏళ్లకే ఉద్యోగం వదిలేసి మెక్సికో తీరంలోని ప్యూర్టో వల్లార్టాలో స్థిరపడ్డారు. అయినా డిజైన్‌ ఆపలేదు. 1978లో ఒక్క బ్యాటరీ సెల్‌ వోల్టేజీతో నడిచే ఎల్‌ఎం10 చేశారు. 1981లో లీనియర్‌ టెక్నాలజీ స్థాపనలో పాలుపంచుకున్నా, విభేదాలతో కొన్నేళ్లకే బయటకొచ్చారు. 1991లో 53 ఏళ్ల వయసులో గుండెపోటుతో మరణించారు.

ఆయన దురుసుతనాన్ని కంపెనీలు భరించాయంటే, ఆ పని చేయగల మరొకరు వాళ్లకు దొరకలేదు కాబట్టి. ఫ్రెషర్‌కు ఆ వెసులుబాటు ఉండదు. మీరు నేర్చుకోవాల్సింది ఆయన పని తీరును. ఈసారి బోర్డు చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కో కెపాసిటర్‌ చూపించి, ఇది లేకపోతే ఏమవుతుందో మిమ్మల్ని మీరే అడగండి. జవాబు రాని చోట డేటాషీట్‌ తెరవండి.