ఇంగ్లీషు ఇళ్ళకు ఖుర్ఆన్ భావం చేర్చిన మర్హూం పిక్తాల్ సాహెబ్

మన తెలుగు ముస్లిం కుటుంబాలు నేడు అమెరికాలోను, ఇంగ్లండులోను, కెనడాలోను స్థిరపడి ఉన్నాయి. ఆ ఇళ్ళలో పిల్లలు స్కూలు నుండి వచ్చి, వుజూ చేసుకుని, కంప్యూటరు ముందు కూర్చుంటారు. అమెరికాలో సాయంత్రమైతే హైదరాబాదులో తెల్లవారుతుంది. ఇక్కడి ఉస్తాద్ గారు తెర మీద కనిపించి అలిఫ్, బే దగ్గర్నుంచి చెప్పిస్తారు. రెండు మూడేళ్ళకు నాజిరా పూర్తవుతుంది, మిఠాయిలు పంచుతారు. సంతోషమే. కాని ఆ పిల్లవాణ్ణి దగ్గరకు తీసుకుని, చదివిన దాని అర్థమేమిటి బాబూ అని అడిగితే చాలా ఇళ్ళలో జవాబు రాదు. వాడికి ఉర్దూ రాదు. తెలుగు అంతంత మాత్రం. అరబీ అక్షరాలు వచ్చును గాని అరబీ భాష రాదు. వాడు ఆలోచించేదీ, కలలు కనేదీ ఇంగ్లీషులోనే.

ఈ చిక్కు ఇవాళ కొత్తగా వచ్చినది కాదు. నూరేళ్ళ కిందట ఇంగ్లండులో ఇస్లాం స్వీకరించిన కొద్దిపాటి కుటుంబాలకు సరిగ్గా ఇదే చిక్కు వచ్చింది. దాన్ని విప్పడానికి పూనుకున్నవారు ఒక ఆంగ్లేయుడు. ఆయన ఆ పనిలో ఎక్కువ భాగం చేసింది లండనులో కాదు, మన హైదరాబాదులో. ఆయనే ముహమ్మద్ మార్మడ్యూక్ పిక్తాల్ గారు. పేరు విన్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. బ్రతుకు తెలిసినవాళ్ళు తక్కువ.

పిక్తాల్ గారు 1875 ఏప్రిల్ 7న లండనులో జన్మించారు. తండ్రి క్రైస్తవ పాదిరీ. సఫోక్ జిల్లాలో చిల్లెస్‌ఫర్డ్ అనే పల్లెటూరి చర్చికి పెద్ద. పిల్లవాడికి అయిదేళ్ళ వయసులో తండ్రి చనిపోయారు. తండ్రి మొదటి భార్య కుమార్తెలిద్దరు సన్యాసినులు. అంటే ఇల్లంతా మతభక్తి నిండిన ఇల్లే అన్నమాట. హారో అనే పేరుమోసిన పాఠశాలలో వేసేరు గాని అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. తూర్పు దేశాలలో దౌత్య ఉద్యోగానికి పరీక్ష రాసేరు, ఉద్యోగం దక్కలేదు. ఆ ఉద్యోగమే దక్కి ఉంటే ఏ కాన్సలేట్ ఆఫీసులోనో కాగితాలు చూసుకుంటూ జీవితం గడిచిపోయేదేమో!

1894లో, ఇరవయ్యేళ్ళయినా నిండకుండానే, ఈజిప్టు, పాలస్తీనా, సిరియా దేశాలకు బయలుదేరారు. తోటి దొరలు గుర్రపు బండ్లలో తిరిగి హోటళ్ళలో బస చేస్తుంటే ఈ కుర్రవాడు అక్కడి దుస్తులు వేసుకుని పల్లెటూళ్ళ వెంట తిరిగారు. అరబీ నేర్చింది ముందు పుస్తకాల నుండి కాదు, ఒంటెలవాళ్ళ దగ్గర, రైతుల దగ్గర, కాఫీ అంగళ్ళలో. వ్యాకరణం తరువాత వచ్చింది.

డమాస్కస్‌లో జరిగిన ఒక సంగతి ఆయన జీవిత చరిత్రలు రాసినవారు చెబుతారు. ఉమయ్యద్ పెద్ద మసీదులోని ఒక వృద్ధ షేఖ్ గారి దగ్గర ఆయన చదువుకునేవారట. ఒకనాడు మనసు పొంగి, తాను ముస్లిం అవుతానని చెప్పేరట. షేఖ్ గారు సంతోషించి వెంటనే కలిమా చదివించి ఉండవచ్చు. కాని ఆయన, నీకు తల్లి ఉన్నది కదా, వయసులో చిన్నవాడివి, ఆమెను అడగకుండా తొందరపడవద్దని నచ్చజెప్పి ఆపేశారట. ఇది మాకు చాలా గొప్ప సంగతిగా తోస్తుంది. పరదేశపు బాలుణ్ణి తన వైపు లాక్కోవడం కంటే ఆ బాలుని తల్లి మనసు పెద్దదనుకున్న గురువు ఆయన. పిక్తాల్ గారి మనసులో ఇస్లాం పట్ల గౌరవం నాటుకున్నది వాదన వల్ల కాదు, ఇలాంటి మనుషుల వల్ల. ఆ తరువాత ఇరవై మూడేళ్ళు గడిచాయి, ఆయన బాహాటంగా ముస్లిం కావడానికి!

ఈ మధ్య కాలంలో ఆయన నవలా రచయితగా పేరు తెచ్చుకున్నారు. 1896లో మ్యూరియల్ గారిని వివాహమాడారు. 1903లో వెలువడిన సయీద్ ది ఫిషర్‌మన్ అనే నవల ఇంగ్లండులో బాగా చదివారు. సిరియా బెస్తవాని కథ అది. 1913లో టర్కీ వెళ్ళి కొన్ని నెలలు ఉన్నారు. అప్పుడు బాల్కన్ యుద్ధాల కాలం. ఇంగ్లీషు పత్రికలు తురుష్కులను రాక్షసులుగా చిత్రిస్తున్నాయి. పిక్తాల్ గారు దానికి ఎదురు రాసేరు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి టర్కీ శత్రుదేశమైన తరువాత కూడా కలం ఆపలేదు. సొంత ప్రభుత్వం అనుమానంగా చూసింది, పాత స్నేహితులు దూరమయ్యారు. టర్కీపై ఆయన పెట్టుకున్న ఆశలు కొంత అతి అని చరిత్ర తరువాత చూపించింది. అయినా పదిమందీ ఒక వైపు అరుస్తున్నప్పుడు ఒంటరిగా రెండో వైపు నిలబడ్డ ధైర్యం తక్కువది కాదు.

1917 నవంబరు 29న లండనులో ముస్లిం లిటరరీ సొసైటీ సభలో ఇస్లాం, ప్రగతి అనే విషయం మీద ఉపన్యసించి, ఆ సందర్భంలోనే తాను ముస్లిం అయినట్టు ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు నలభై రెండు.

ఆనాటి ఇంగ్లండు ముస్లింల పరిస్థితి కాస్త చెప్పుకోవాలి. లండనుకు దగ్గరలోని వోకింగ్‌లో 1889లో కట్టిన షాజహాన్ మసీదు ఉంది. భోపాల్ బేగం సాహెబా షాజహాన్ గారి విరాళంతో కట్టినది కనుక ఆ పేరు. 1913 నుండి లాహోరు న్యాయవాది ఖ్వాజా కమాలుద్దీన్ గారు అక్కడ ఉండి పని చేస్తూ ఉండేవారు. ఇస్లాం స్వీకరించిన ఇంగ్లీషువారిలో లార్డులూ ఉన్నారు, సామాన్యులూ ఉన్నారు. ఈదు నాడు వోకింగ్‌లో హిందూస్తానీ విద్యార్థులు, ఈజిప్టువారు, ఇంగ్లీషు ఆడవారు, పిల్లలు అందరూ ఒకచోట కలిసేవారు. 1919లో ఖ్వాజా గారు ఇంగ్లండులో లేనప్పుడు ఇమాము బాధ్యత పిక్తాల్ గారి మీద పడింది. జుమా ఖుత్బాలు, రంజానులో తరావీహ్, ఈదు నమాజు అన్నీ చేయించారు. పాదిరీ కొడుకు ఖుర్ఆన్ పఠిస్తుంటే వెనక నిలబడ్డ ఇంగ్లీషు కుటుంబాలను ఒక్కసారి ఊహించుకోండి. వింటున్నారు, అర్థం కావడం లేదు. ఇంటికి వెళ్ళి తెరిచి చూసుకుందామంటే చేతిలో ఏముంది?

ఉన్నవి చాలావరకు పరాయివారు చేసిన అనువాదాలే. 1734లో జార్జ్ సేల్ గారిది, 1861లో రాడ్‌వెల్ గారిది, 1880లో పామర్ గారిది. పండితులే, శ్రమ పడ్డవారే. కాని ఆ గ్రంథాన్ని దైవవాణిగా నమ్మి చేసినవారు కారు. రాడ్‌వెల్ గారైతే సూరాల వరుసనే మార్చేశారు. ముస్లింలు చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. 1917లో లాహోరు మౌల్వీ ముహమ్మద్ అలీ గారి అనువాదం వచ్చింది. ఆయన అహ్మదియా లాహోరు శాఖవారు కావడం చేత అనేకులు దాన్ని ఒప్పుకోలేదు. ఇంగ్లీషు తల్లిభాష అయిన ముస్లిం ఒకరు చేసిన అనువాదం మాత్రం ఒక్కటీ లేదు. ఆ లోటు పిక్తాల్ గారి మనసులో పడింది.

పని మొదలు పెట్టడానికి బ్రతుకుతెరువు కావాలి కదా. 1920లో బొంబాయి క్రానికల్ పత్రిక సంపాదకత్వానికి పిలుపు వచ్చింది. వచ్చేరు. ఖిలాఫత్ ఉద్యమం, గాంధీజీ సహాయ నిరాకరణం జోరుగా ఉన్న రోజులు. ఈ దొర గారు ఖద్దరు కట్టి, ఉర్దూ నేర్చి, జాతీయవాదుల పక్షాన నిలిచారు. 1924లో ఒక కేసులో పత్రికపై పెద్ద జరిమానా పడటంతో రాజీనామా చేసి బయటికి వచ్చేశారు.

అప్పుడు ఆదుకున్నది హైదరాబాదు. 1925లో నిజాం ప్రభుత్వం ఆయన్ను చాదర్‌ఘాట్ హైస్కూలు ప్రిన్సిపాలుగా నియమించింది. ఆ నగరమే అప్పుడు అనువాదాల నగరం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరీ నుండి న్యాయశాస్త్రం దాకా ఉర్దూలో చెప్పాలని సంకల్పించి, అందుకోసం దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థనే పెట్టేరు. మనిషి తనకు తెలిసిన భాషలోనే చదువుకోవాలన్న మాట అక్కడ గాలిలో ఉండేది. పిక్తాల్ గారికి ఇంతకంటే తగిన చోటు దొరికేది కాదని మా అభిప్రాయం. 1927 జనవరి నుండి ఇస్లామిక్ కల్చర్ అనే ఇంగ్లీషు త్రైమాసిక పత్రికను హైదరాబాదు నుండి నడిపారు. ఆ సంవత్సరమే మద్రాసు ముస్లిం పెద్దల ఆహ్వానం మీద ఇస్లాం సంస్కృతిపై ఉపన్యాసాలిచ్చారు. ఆ తరువాత అదే మద్రాసులో అల్లామా ఇఖ్బాల్ గారు ఉపన్యసించారు.

స్కూలు పని, పత్రిక పని, మధ్యలో ఖుర్ఆన్. ఇలా అయితే తెమిలేది కాదు. 1928లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గారు పూర్తి జీతం మీద రెండేళ్ళ సెలవు మంజూరు చేశారు, అనువాదం పూర్తి చేసుకోమని. నిజాం గారి మీద ఎన్ని విమర్శలైనా ఉండనీయండి, ఈ సెలవు ఫలం మాత్రం నేటికీ ప్రపంచమంతా అనుభవిస్తూ ఉంది.

పిక్తాల్ గారు ఒక విషయంలో చాలా పట్టుదల మనిషి. ఖుర్ఆన్‌ను అనువదించడం అసలు సాధ్యం కాదని ఆయన గట్టి నమ్మకం. ఆ నాదం, ఆ శబ్దం వేరే భాషలోకి రావు. తాను చేయగలిగినది భావాన్ని ఇంగ్లీషులో దగ్గరగా చెప్పడం మాత్రమే అని ఒప్పుకుని దిగేరు. అల్లాహ్ అనే నామానికి ఇంగ్లీషులో సరిపడే మాట లేదని, దాన్ని అలాగే ఉంచేశారు. ప్రతి సూరాకు ముందు, అది ఏ కాలంలో, ఏ సందర్భంలో అవతరించినదో కొద్ది మాటల్లో రాసేరు. గురువు దగ్గర లేని ఇంట్లో చదువుకునేవారికి ఆ నాలుగు వాక్యాలే ఉస్తాద్ పని చేస్తాయి.

రాసి ఊరుకోలేదు. 1929 చివర ప్రతి పట్టుకుని కైరో వెళ్ళారు, అరబీ పండితుల ముందు పెట్టి సరిచూసుకోవాలని. అక్కడ అనుకోని అడ్డు వచ్చింది. ఖుర్ఆన్‌ను పరభాషలోకి మార్చడమే తప్పని అజ్‌హర్ ఉలమాలలో బలమైన పక్షం ఒకటి ఉండేది. వారి భయానికి కారణం లేకపోలేదు. టర్కీలో అరబీ లిపిని తీసివేసిన రోజులవి. అనువాదం అలవాటైతే రేపు నమాజులో అసలునే వదిలేస్తారేమో అని అనుమానం. పిక్తాల్ గారికి ఇది విచిత్రంగా తోచింది. అరబీ తల్లిభాష అయినవారికి అనువాదం అక్కరలేదు. అది రాని కోట్ల మంది సంగతేమిటి? హిందూస్తానంలో ఉర్దూ, ఫారసీ తర్జుమాలు ఎన్నడో వచ్చేశాయి కదా!

అయినా తిరిగి రాలేదు, తగవు పెట్టుకోలేదు. అంతకు కొద్ది ముందే అజ్‌హర్ పెద్ద పదవి వదిలిన షేఖ్ ముస్తఫా అల్ మరాగీ గారు ధైర్యం చెప్పేరు. గమ్రావీ గారనే ఈజిప్టు విద్వాంసుడు పక్కన కూర్చుని ప్రతి ఆయతూ మూలంతో పోల్చి చూశారు. చివరకు పేరు దగ్గర దారి దొరికింది. దీన్ని ఖుర్ఆన్ అనకుండా ఖుర్ఆన్ భావం అంటే చిక్కు చాలావరకు తీరుతుంది. పిక్తాల్ గారి నమ్మకమూ అదే కదా. 1930లో ఇంగ్లీషులో ది మీనింగ్ ఆఫ్ ది గ్లోరియస్ కొరాన్ అనే పేరుతో గ్రంథం వెలువడింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఆయన వాడిన ఇంగ్లీషు పాత బైబిలు ఇంగ్లీషు. దైవవాణికి గంభీరమైన భాష ఉండాలని అలా రాసేరు. నేటి చికాగో పిల్లవాడికి అది కొంత పాకం గట్టిపడ్డట్టే ఉంటుంది. తరువాత 1934 నుండి లాహోరులో భాగాలుగా వచ్చిన అబ్దుల్లా యూసుఫ్ అలీ గారి అనువాదానికి విపులమైన వ్యాఖ్య ఉండటం వల్ల ఇళ్ళలో దానికే ఎక్కువ ఆదరణ దొరికింది. ఆయన కూడా కొంతకాలం హైదరాబాదు రాజ్యంలో రెవెన్యూ మంత్రిగా పని చేసినవారే! కాని మూలానికి అంటిపెట్టుకుని, సొంత మాట చేర్చకుండా నడవడంలో పిక్తాల్ గారిదే పైచెయ్యి అని అరబీ తెలిసినవారు చెబుతారు. మన తెలుగులో కూడా ఆ తరంలోనే చిలుకూరి నారాయణరావు గారు ఖుర్ఆన్‌ను అనువదించారు. ఆయన హిందూ పండితులు. మన ఇళ్ళలో ఈ సంగతి తెలిసినవారెందరు?

పిల్లలకు అరబీ ముందా, భావం ముందా అని మన సభల్లో తరచు వాదన వస్తుంది. తెర మీద చెప్పే ఉస్తాదులలో కొందరు, భావం పెద్దయ్యాక చూసుకోవచ్చునంటారు. అక్కడి స్కూలులో ప్రతి దానికీ ఎందుకు అని అడగడం నేర్పుతారు. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి ఆ ప్రశ్న ఖుర్ఆన్ దగ్గరకూ వస్తుంది. అప్పటికి ఇంట్లో భావం లేకపోతే పిల్లవాడు బయట వెతుక్కుంటాడు, ఏది దొరికితే అది. పిక్తాల్ గారు అరబీని పక్కన పెట్టమనలేదు. నమాజును ఇంగ్లీషులో చదవమనలేదు. పక్కనే భావం ఉండాలన్నారు, అంతే.

1935లో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండు వెళ్ళిపోయారు. పదేళ్ళు మన నగరపు నీళ్ళు తాగిన మనిషి. అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. 1936 మే 19న కార్న్‌వాల్‌లోని సెంట్ ఐవ్స్‌లో గుండె జబ్బుతో పరమపదించారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వోకింగ్ మసీదుకు దగ్గరలో బ్రూక్‌వుడ్ శ్మశానంలోని ముస్లింల భాగంలో ఖననం చేశారు. 1953లో చనిపోయిన యూసుఫ్ అలీ గారి సమాధి కూడా ఆ శ్మశానంలోనే ఉంది.

పిక్తాల్ గారు పోయిన రెండేళ్ళకు, 1938లో, హైదరాబాదు ప్రభుత్వ ముద్రణాలయం ఆ గ్రంథాన్ని రెండు సంపుటాలుగా అచ్చు వేసింది. 1930 నాటి ప్రతిలో ఇంగ్లీషు మాత్రమే ఉండేది. ఈ హైదరాబాదు ప్రతిలో అరబీ మూలమూ, ఎదురుగా ఇంగ్లీషు భావమూ ఉన్నాయి.