జాక్ ఆన్రీ లార్తీగ్

జాక్ ఆన్రీ లార్తీగ్ (1894 జూన్ 13 – 1986 సెప్టెంబరు 12) ఫ్రాన్సు దేశానికి చెందిన ఛాయాగ్రాహకుడు, చిత్రకారుడు. బాల్యంలో చేపట్టిన ఛాయాగ్రహణాన్ని ఈయన ఎనభై ఏళ్ళకు పైగా ముఖ్యంగా ఒక అభిరుచిగానే సాగించాడు. వృత్తి ఏమిటని అడిగితే తాను చిత్రకారుడినని చెప్పుకొనేవాడు. ఇంటి పెరడు, తోటలోని పూలు, బంధువుల ఆటపాటలు, తొలినాటి విమానాలు, పందెపు కార్లు ఈయన కెమెరాకు చిక్కిన ముఖ్య విషయాలు. 1963లో, అరవై తొమ్మిదేళ్ళ వయసులో, న్యూయార్క్ నగరంలో జరిగిన ఒక ప్రదర్శన ద్వారా ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. ఇరవయ్యవ శతాబ్దపు ఛాయాగ్రహణ చరిత్రలో అభిరుచి కోసం చిత్రాలు తీసినవారి ప్రస్తావన వస్తే ముందుగా వినిపించే పేర్లలో ఈయనది ఒకటి.

బాల్యం, మొదటి కెమెరా

లార్తీగ్ పారిస్ నగరానికి ఆనుకొని ఉన్న కూర్బ్‌వ్వా పట్టణంలో ఒక సంపన్న కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఆన్రీ లార్తీగ్ వ్యాపార రంగంలో పేరున్నవాడు. ఆయనకు కూడా ఛాయాగ్రహణం, మోటారు వాహనాలు, కొత్త యంత్రాలు అంటే మక్కువ. అన్న మోరిస్‌ను ఇంట్లో అందరూ జిస్సూ అని పిలిచేవారు. జాక్ చిన్ననాట తరచు అనారోగ్యానికి గురయ్యేవాడు. ఇతర పిల్లలు ఆడుకొంటుంటే పక్కన నిలబడి చూడడం అతనికి అలవాటైంది.

సంతోషంగా గడిచిన క్షణం మళ్ళీ రాదన్న దిగులు ఆ వయసులోనే అతన్ని పట్టుకొన్నది. దానికి విరుగుడుగా ఒక ఆట కనిపెట్టాడు. ఎదుట ఉన్న దృశ్యాన్ని కళ్ళు విప్పి చూసి, వెంటనే మూసుకొని, గిరుక్కున తిరిగితే ఆ దృశ్యం రంగులు, శబ్దాలతో సహా తనలో నిలిచిపోతుందని నమ్మాడు. కొన్నాళ్ళకు ఆ ఉపాయం పనిచేయడం లేదని గ్రహించి ఎంతో బాధపడ్డాడు. ఆ కొరతను తీర్చినది కెమెరా.

1902లో తండ్రి అతనికి స్వంత కెమెరా కొనిచ్చాడు. అది కొయ్యతో చేసినది. మూడుకాళ్ళ స్టాండుపై నిలిపి, 13 × 18 సెంటీమీటర్ల గాజు పలకలపై చిత్రాలు తీయాలి. పలకలను రసాయనాలలో కడగడం, కాగితంపై అచ్చు వేయడం బాలుడు తండ్రి వద్దనే నేర్చుకొన్నాడు. తరువాతి సంవత్సరాలలో చేతితో పట్టుకొని తీయగల చిన్న కెమెరాలు, ఒకే దృశ్యాన్ని రెండు కటకాలతో తీసి లోతు కనిపించేటట్లు చూపే స్టీరియో కెమెరాలు అతని చేతికి వచ్చాయి.

పెరటిలోని ప్రయోగాలు

లార్తీగ్ తొలి ప్రయోగశాల ఇల్లు, పెరడు. 1904లో తీసిన ఒక చిత్రంలో దూదూ అనే ముద్దుపేరు గల దాది ఎగరవేసిన బంతి ఇంకా గాలిలోనే ఉంటుంది. 1905లో షాతెల్-గుయోన్ పట్టణంలోని విల్లాలో అన్న జిస్సూకు దుప్పటి కప్పి దయ్యంలా నిలబెట్టాడు. కెమెరా మూత తెరిచి ఉండగానే జిస్సూ పక్కకు తప్పుకొనడం వలన వెనుకనున్న దృశ్యం అతని శరీరం గుండా కనిపిస్తుంది. అదే సంవత్సరం తన గదిలోని బొమ్మకార్లను తీయడానికి కెమెరాను నేలమీద ఉంచాడు. అందువలన ఆ బొమ్మలు పెద్దవారి కళ్ళకు కనిపించేటట్లు కాక, నేలపై పడుకొని ఆడుకొనే పిల్లవాడి కళ్ళకు కనిపించేటట్లు వచ్చాయి.

ఈ కాలపు చిత్రాలలో ఎక్కువ పేరు పొందినది కూడా 1905 నాటిదే. పారిస్‌లో కోర్తాంబేర్ వీధిలోని ఇంటి మెట్లమీదనుండి బిషోనాద్ అనే ముద్దుపేరు గల బంధువు, పొడవైన గౌను, మడమల జోళ్ళతో, నవ్వుతూ దూకుతున్న చిత్రమిది. ఆమె నేలకు కొంత ఎత్తున, చేతులు చాచి, ఎగురుతున్నట్లు నిలిచిపోయింది.

ఈ చిత్రాలు సాధ్యం కావడానికి సాంకేతిక కారణం ఒకటున్నది. పందొమ్మిదవ శతాబ్దం చివరికి బ్రోమైడు, జెలటిన్ పూసిన పొడి గాజు పలకలు అంగళ్ళలో సులభంగా దొరికేవి. వీటికి వెలుగు గ్రహించే శక్తి ఎక్కువ. మునుపు మనిషి కొన్ని సెకన్లపాటు కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఈ పలకలపై సెకనులో చిన్న భాగం సరిపోయేది. దూకే మనిషిని, ఎగిరే బంతిని గాలిలో ఆపగలగడం దీనివలననే వీలైంది.

విమానాల తొలి రోజులు

లార్తీగ్ బాల్యం, విమానయానపు బాల్యం ఒకే కాలంలో గడిచాయి. 1904 వసంతంలో, పదేళ్ళు కూడా నిండకముందు, ఉత్తర ఫ్రాన్సు సముద్రతీరంలోని మెర్లిమోన్ ఇసుక దిబ్బల వద్ద గాబ్రియేల్ వ్వాజాఁ ఇంజను లేని గ్లైడరుతో గాలిలోకి లేచే ప్రయత్నాన్ని చూసి చిత్రం తీశాడు. 1906లో సాంటోస్-డ్యుమాన్ పారిస్ శివారున ఇంజనుతో కూడిన విమానాన్ని ఎగరవేశాడు. 1908 జనవరి 13న ఆన్రీ ఫర్మాన్ పారిస్ సమీపంలోని ఇస్సీ-లె-మూలినో మైదానంలో ఒక కిలోమీటరు చుట్టు పూర్తిచేశాడు. లార్తీగ్ ఆ మైదానానికి తరచు వెళ్ళి విమానాలను, వాటిని చూడవచ్చిన జనాన్ని చిత్రాలుగా తీసుకొనేవాడు.

అన్న జిస్సూ చూడడంతో తృప్తి పడలేదు, స్వయంగా గ్లైడర్లు కట్టాడు. ఓవేర్న్ ప్రాంతంలో రూజా అనే చోట ఈ కుటుంబానికి ఒక పెద్ద భవంతి, విశాలమైన తోట ఉండేవి. అన్నదమ్ములు, బంధువులు, ఇంటి పనివారు కలిసి అక్కడ చక్రాల బండ్లు, తెప్పలు, గ్లైడర్లు తయారు చేసేవారు. 1910 సెప్టెంబరులో జిస్సూ కట్టిన గ్లైడరు నేల విడిచిన క్షణాన్ని జాక్ చిత్రించాడు. దానితోపాటు తామూ లేచిపోవాలన్నట్లు చుట్టూ ఉన్నవారు ఎగిరి గంతులు వేస్తుండడం ఆ చిత్రంలో కనిపిస్తుంది. బిషోనాద్ దూకుడు, జిస్సూ గ్లైడరు పక్కపక్కన పెట్టి చూస్తే లార్తీగ్ దృష్టి ఎటువంటిదో అర్థమవుతుంది. మెట్లమీదనుండి దూకే మనిషి, నేల విడిచే యంత్రం అతనికి ఒకే రకపు ఆశ్చర్యం.

తోటలోని రంగులు

లూమియేర్ సోదరులు 1907లో ఆటోక్రోమ్ అనే రంగుల గాజు పలకలను అమ్మకానికి తెచ్చారు. నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు వేసిన బంగాళాదుంప పిండి రేణువులను పలకపై పలుచగా పరచి వీటిని తయారు చేసేవారు. ఆ రేణువుల గుండా వెలుగు వడగట్టుకొని రావలసి ఉన్నందున చిత్రానికి చాలా ఎక్కువ సమయం పట్టేది. ఎండలో కూడా సెకను లేదా అంతకంటే ఎక్కువ కాలం ఎవరూ కదలరాదు.

లార్తీగ్ 1912 నుండి దాదాపు పదిహేనేళ్ళు ఈ పలకలు వాడాడు. ఎగిరే విమానం, పరుగెత్తే కారు వీటికి పట్టుబడవు. కాబట్టి ఈయన రంగుల చిత్రాలలో తోటలు, పూలు, నీడన కూర్చున్న కుటుంబ సభ్యులు కనిపిస్తారు. వేగమంతా నలుపు తెలుపులలో, నిదానమంతా రంగులలో మిగిలింది. కదలికను పట్టలేని ఆటోక్రోమ్‌తో తృప్తి లేక చివరికి దానిని విడిచిపెట్టాడు. రంగుల ఫిల్ము అందుబాటులోకి వచ్చాక, రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, తిరిగి రంగులలో చిత్రాలు తీశాడు.

వంగిన చక్రం

లార్తీగ్ తీసిన పందెపు కారు చిత్రం ఒకటి ఛాయాగ్రహణ పాఠ్యగ్రంథాలలో తరచు కనిపిస్తుంది. ఇందులో కారు చక్రం ముందుకు ఒరిగిన కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దారిపక్క నిలబడ్డ జనం, స్తంభాలు వెనుకకు ఒరిగి ఉంటాయి. ఆ కెమెరాలోని షట్టరు పలకకు ముందు కదిలే ఒక సన్నని చీలిక. చిత్రం ఒకేసారి కాక, అంచునుండి అంచుకు వరుసగా పలకపై పడుతుంది. ఆ లోపల కారు ముందుకు జరిగిపోవడం వలన చక్రం ఒక వైపుకు సాగింది. కారుతోపాటు లార్తీగ్ కెమెరాను తిప్పినందువలన నిలబడ్డవారు రెండవ వైపుకు ఒరిగారు.

మొదట దీనిని చెడిపోయిన చిత్రంగా ఎంచి పక్కన పెట్టాడు. కొన్ని దశాబ్దాల తరువాత అదే వేగానికి ప్రతీకగా పేరు పొందింది. ఇది 1912 నాటి పందెంలో తీసిన డెలాజ్ కారు చిత్రమని లార్తీగ్ రాసుకొన్నాడు. అయితే తరువాతి పరిశోధకులు ఇది 1913లో ఆమియేన్ వద్ద జరిగిన పందెంలోని తెయోదోర్ ష్నైదర్ కారు అని తేల్చారు.

యౌవనం, చిత్రకళ

1915లో లార్తీగ్ పారిస్‌లోని జూలియాన్ అకాడమీలో చిత్రకళ అభ్యసించాడు. ఆరోగ్యం సరిగా లేనందున మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలోకి తీసుకోలేదు. తన కారులో సైనిక వైద్యులను చేరవేసే పని చేశాడు. 1919లో స్వరకర్త ఆంద్రె మెసాజే కుమార్తె మద్లేన్‌ను వివాహం చేసుకొన్నాడు. 1921లో కుమారుడు దానీ జన్మించాడు. తరువాత పుట్టిన కుమార్తె పసితనంలోనే మరణించింది. 1931లో ఈ దంపతులు విడిపోయారు. 1942లో ఫ్లోరెట్ ఒర్మేయా ఇతని సహచరి అయి చివరివరకు తోడుగా నిలిచింది.

1930ల నాటికి కుటుంబ సంపద తరిగిపోయింది. పూల చిత్రాలు, రూపచిత్రాలు గీసి అమ్మడం, ఉత్సవాలకు అలంకరణలు రూపొందించడం లార్తీగ్‌కు జీవనాధారమయ్యాయి. ఆ రోజులలో కూడా చిత్రాలు తీసి, అచ్చువేసి, పెద్ద పెద్ద ఆల్బములలో అంటించి, తేదీలు రాయడం మానలేదు. చిన్న దినచర్య పుస్తకాలలో ఆనాటి వాతావరణం, తీసిన చిత్రాల రేఖారూపం గుర్తుగా గీసుకొనేవాడు. నెగెటివ్ చెడిపోయినా, దృశ్యం మాత్రం పోకుండా ఉండాలని ఈ జాగ్రత్త.

న్యూయార్క్ ప్రదర్శన

1962లో లార్తీగ్ దంపతులు అమెరికా వెళ్ళారు. అక్కడ ఈయన చిత్రాలు న్యూయార్క్ ఆధునిక కళా సంగ్రహాలయంలో ఛాయాగ్రహణ విభాగాధిపతి అయిన జాన్ సార్కోవ్‌స్కీ దృష్టికి వచ్చాయి. 1963లో ఆ సంగ్రహాలయం నలభైకి పైగా చిత్రాలతో ప్రదర్శన జరిపింది. ఆ నవంబరులో లైఫ్ పత్రిక ఈ చిత్రాలను ప్రచురించింది. అధ్యక్షుడు కెనెడీ హత్యావార్తతో వెలువడిన సంచిక కూడా అదే కావడం వలన అసంఖ్యాక పాఠకుల చేతులలోకి వెళ్ళింది. 1970లో ఛాయాగ్రాహకుడు రిచర్డ్ ఆవెడాన్ సంపాదకత్వంలో ‘డైరీ ఆఫ్ ఎ సెంచరీ’ అనే గ్రంథం వెలువడింది.

అమాయకత్వం గురించిన చర్చ

ఈ ప్రదర్శనతో లార్తీగ్‌కు ఒక ముద్ర పడింది. కళ గురించి ఏమీ తెలియని బాలుడు తన ప్రతిభతోనే ఆధునిక ఛాయాగ్రహణాన్ని కనిపెట్టాడన్నది దాని సారాంశం. తరువాతి పరిశోధకులు, ముఖ్యంగా కెవిన్ మూర్, ఈ కథను ప్రశ్నించారు. ఆనాటి ఫ్రాన్సులో సంపన్న ఔత్సాహికులు ఎందరో క్షణచిత్రాలు తీసేవారు. దూకే మనుషులు, పందెపు కార్లు సచిత్ర పత్రికలలో పరిచితమైన విషయాలే. బాలునికి తండ్రి మార్గదర్శకత్వం ఉన్నది, ఖరీదైన పరికరాలున్నవి. పైగా 1963కు ముందే, 1955లో, లార్తీగ్ చిత్రాలు పారిస్‌లో ప్రసిద్ధ ఛాయాగ్రాహకుల చిత్రాలతో కలిపి ప్రదర్శించబడ్డాయి.

ఆల్బములను కూడా యథాతథమైన సాక్ష్యంగా తీసుకోరాదు. లార్తీగ్ వాటిని వృద్ధాప్యంలో విడదీసి, చిత్రాల అంచులు కత్తిరించి, కొత్తగా అమర్చాడు. రెండు ప్రపంచ యుద్ధాలు, దుఃఖం, ధననష్టం వాటిలో చాలా అరుదు. అవి ఒక కాలపు చరిత్ర కంటే, ఒక మనిషి పోగొట్టుకోరాదనుకొన్న రోజుల చిట్టా అనుకోవడం సబబు. ఈ సవరణల వలన చిత్రాల విలువ తగ్గలేదు. అవకాశాలు ఎందరికో ఉన్నా, ఎనభై ఏళ్ళు విడువకుండా తన పెరటిని అంత శ్రద్ధగా గమనించినవారు అరుదు.

చివరి సంవత్సరాలు

1974లో ఫ్రాన్సు అధ్యక్షుడుగా ఎన్నికైన వాలెరీ జిస్కార్ దెస్తాన్ తన అధికారిక చిత్రాన్ని తీసే బాధ్యత లార్తీగ్‌కు అప్పగించాడు. గ్రంథాలయంలో నిలబెట్టే సంప్రదాయాన్ని వదలి, జాతీయ పతాకం ముందు నిలిపి ఆ చిత్రం తీశాడు. 1975లో పారిస్‌లోని అలంకార కళల సంగ్రహాలయంలో పెద్ద ప్రదర్శన జరిగింది. 1979లో ఈయన తన నెగెటివ్‌లు, ఆల్బములు, దినచర్యలను ఫ్రాన్సు ప్రభుత్వానికి దానం చేశాడు. బతికి ఉండగా ఇటువంటి దానం చేసిన తొలి ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు ఈయనే. ఆ సేకరణలో లక్షకు పైగా చిత్రాలు, సుమారు 130 ఆల్బములు ఉన్నాయి.

లార్తీగ్ 1986 సెప్టెంబరు 12న నీస్ నగరంలో 92వ ఏట మరణించాడు. చివరి సంవత్సరాలలో కూడా చిత్రాలు తీయడం మానలేదు. గడిచిపోయే రోజును ఎలా నిలుపుకోవాలన్న చిన్నపిల్లవాడి దిగులుకు ఈయన వెతికిన జవాబు నేడు ప్రజల ఆస్తిగా భద్రపరచబడి ఉన్నది.