ఏఎస్ రావు నగర్ వెనక ఉన్న మనిషి

పినాంగ్‌లో పనిచేసే మనవాళ్లకి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ అంటే కొత్త కాదు. 1972లో ఇంటెల్, నేషనల్ సెమికండక్టర్, హిటాచీ లాంటి కంపెనీలు బయాన్ లెపాస్‌లో దిగినప్పటి నుంచీ అక్కడ షెడ్లు లేస్తూనే ఉన్నాయి. కొన్నిటికి పునాదులు తీయించినవాళ్లం మేమూ ఉన్నాం. అయితే అంతకు ఐదేళ్ల ముందే మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైందని, దాన్ని నిలబెట్టింది ఒక గోదావరి జిల్లా మనిషని మా క్యాంపులో చాలామందికి తెలీదు. ఏఎస్ రావు నగర్‌లో గజం రేటు ఎంతో మాత్రం అందరూ చెప్పేస్తారు!

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. టాటా స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి, స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివి తిరిగొచ్చేశారు. బొంబాయిలో హోమీ భాభా గారి దగ్గర చేరి కాస్మిక్ కిరణాల మీద పనిచేశారు.

అసలు కథ ట్రాంబేలో ఉంది. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టర్ పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్ నుంచి తెచ్చారు గానీ, కంట్రోల్ సర్క్యూట్లు మాత్రం రావు గారి బృందమే ఇక్కడ తయారుచేసింది. రియాక్టర్‌లో ఏం జరుగుతోందో కంటికి కనపడదు. సర్క్యూట్ చెప్పిందే నమ్మాలి. కాంక్రీటు స్లంప్ ఎంత జారిందో స్కేలు పెట్టి కొలవడం ఒక పద్ధతి, ఎన్ని లారీలు దిగాయో గీతలు పెట్టి లెక్కేయడం ఇంకో పద్ధతి. మొదటిది అనలాగ్, రెండోది డిజిటల్ అన్నమాట. రియాక్టర్‌కి రెండూ కావాలి. మొదట్లో న్యూట్రాన్లు తక్కువగా ఉన్నప్పుడు ఒక్కొక్క పల్సునీ పెంచి, రొద నుంచి వేరుచేసి లెక్కపెడతారు. పవర్ పెరిగాక లెక్క అందదు, కరెంటు కొలుస్తారు. హద్దు దాటితే కంట్రోల్ రాడ్లు వెంటనే లోపలికి పడిపోవాలి. అక్కడ తప్పు జరిగితే, మా సైట్లో పిల్లర్ పగలగొట్టి మళ్లీ పోసినట్టు సరిదిద్దడానికి ఉండదు.

ట్రాంబేలో నేర్చుకున్న ఆ పనే 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌కి వచ్చి ఈసీఐఎల్ అయింది. రియాక్టర్ పరికరాలతో మొదలెట్టి టీడీసీ వరుస కంప్యూటర్ల దాకా వెళ్లారు. మన ఇళ్లలోకి వచ్చిన ఈసీ టీవీ కూడా అక్కడిదే. అన్నీ గొప్పగానే జరిగాయని మేం చెప్పం. ఆ కంప్యూటర్లు ఖరీదు ఎక్కువ, బయటికొచ్చేసరికి పాతబడిపోతున్నాయని అప్పట్లోనే విమర్శలు వచ్చాయి. పినాంగ్ దారి వేరు. బయటి కంపెనీలను పిలిచి, వాళ్ల చిప్పులు బిగించే పని తెచ్చుకుంది. దానివల్ల వేలమందికి కూడు దొరికింది, కాదనలేం.

కానీ 1974లో పోఖ్రాన్ పరీక్ష తర్వాత ఏమైందో చూడండి. కెనడా సాయం ఆపేసింది. రాజస్థాన్‌లో రెండో అణు విద్యుత్ యూనిట్ సగంలో ఉంది. మనవాళ్లే దాన్ని పూర్తిచేసి 1981లో నడిపారు. అలాంటి రోజుల్లో కంట్రోల్ పరికరాలు చేయగల సంస్థ ఒకటి ఇంట్లో ఉండటం ఎంత ధైర్యమో, సామాను రాక పని ఆగిన సైట్లో నిలబడ్డవాళ్లకి మేం చెప్పక్కర్లేదు.

ప్రభుత్వం ఆయనకి 1960లో పద్మశ్రీ, 1972లో పద్మభూషణ్ ఇచ్చింది. 1965లో భట్నాగర్ బహుమతి కూడా అందుకున్నారు. ఎన్నికల సంఘం కోసం ఓటింగ్ యంత్రం నమూనాని ఈసీఐఎల్ 1979లో తయారుచేసింది. 1982లో కేరళలోని పరూర్‌లో 50 పోలింగ్ కేంద్రాల్లో యంత్రాలతో ఓట్లు వేయించారు. రావు గారు 2003లో కన్నుమూశారు. మరుసటి ఏడాది లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా ఆ యంత్రాల మీదే ఓటేసింది.