పిలుపు విని వచ్చి, పిలుపులోనే నిలిచిన డాక్టరమ్మ



ఈ సంచికలో మనం స్మరించుకుంటున్న వారిలో ఒకరు మన జాతి మనిషి కాదు, మన దేశపు మనిషీ కాదు. అయినా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల క్రైస్తవ సంఘాల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆమెను వదిలేయలేం. ఆమె డాక్టర్ కేథరీనా షెల్లెన్‌బర్గ్. మనలో కొందరం క్రైస్తవులం, కొందరం సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ చేసేవాళ్లం, కొందరం సలేశ్వరం లింగమయ్యకు మొక్కేవాళ్లం. ఎవరి నమ్మకం వారిది. కానీ నమ్మినదానిలో చివరిదాకా నిలబడటం ఎలాగో ఈ జీవితం మనందరికీ నేర్పుతుంది.

కేథరీనా 1870లో దక్షిణ రష్యాలోని ఒక మెనోనైట్ కుటుంబంలో పుట్టారు. మెనోనైట్లంటే ఎవరు? పదహారో శతాబ్దంలో ఐరోపాలో కొందరు క్రైస్తవులు ఒక మాట మీద నిలబడ్డారు. ఊహ తెలిసి, సొంతంగా నమ్మినవారికే బాప్తిస్మం ఇవ్వాలన్నారు. ఎవరి మీదా కత్తి ఎత్తమన్నారు. అందుకు వారిని నీళ్లలో ముంచి చంపారు, కట్టెకు కట్టి కాల్చారు. మెన్నో సైమన్స్ అనే డచ్ బోధకుని పేరు మీదే వారికి మెనోనైట్లన్న పేరు వచ్చింది. హాలండ్ నుంచి ప్రష్యాకు, అక్కడి నుంచి రష్యాకు తరలిపోయారు. 1874లో రష్యా ప్రభుత్వం సైన్యంలో చేరడం అందరికీ తప్పనిసరి చేసే చట్టం తెచ్చింది. దాంతో వేలమంది చేలూ ఇళ్లూ వదిలి అమెరికా ఓడ ఎక్కారు. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశం దేశం తిరిగినా తన భాషనూ దేవతలనూ వదలని లంబాడా తాతల బిడ్డలం మనం. ఆ కథ మనకు కొత్తగా అనిపించదు.

1879లో షెల్లెన్‌బర్గ్ కుటుంబం కూడా అమెరికాలోని కాన్సాస్ చేరింది. తండ్రి అబ్రహాం మెనోనైట్ బ్రదరెన్ సంఘంలో పేరున్న పెద్ద. తల్లి కేథరీనా చిన్నతనంలోనే కన్నుమూసింది. ఇంటికి పెద్దబిడ్డ ఆమే. అప్పట్లో ఆ సంఘంలో ఆడపిల్ల డాక్టరు చదువు చదవడం అనే ఆలోచనే అరుదు. అయినా ఆమె పట్టు విడవలేదు. ముందు రోగుల సేవ నేర్చుకుని, ఆ తర్వాత వైద్యపట్టా అందుకున్నారు. 1907లో, ముప్పై అయిదేళ్లు దాటిన వయసులో, నిజాం రాజ్యానికి వచ్చారు. మెనోనైట్ బ్రదరెన్ సంఘం విదేశాలకు పంపిన మొట్టమొదటి డాక్టరు ఆమే.

అప్పుడు ఇక్కడి పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకుందాం. గద్వాల, వనపర్తి సంస్థానాలు. నాగర్‌కర్నూల్‌కు ఒకవైపు కృష్ణమ్మ, ఇంకోవైపు నల్లమల. ప్రయాణమంటే ఎడ్లబండి, లేకపోతే కాలినడక. కలరా, మశూచి, ప్లేగు ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టే రోజులు. దిగుడు బావి నీళ్లు తాగితే నారి కురుపు అంటుకునే రోజులు. మగ వైద్యుడి ముందుకు రాలేక ప్రసవంలోనే ప్రాణాలు వదిలిన తల్లులు ఎందరో. అటువంటి చోట ఒక ఆడ డాక్టరు ఉండటం ఎంత పెద్ద సంగతో మన అవ్వలను అడిగితే చెబుతారు.

కేథరీనా హైదరాబాదు పక్కన మలక్‌పేటలో పనిచేశారు. నాగర్‌కర్నూల్‌లో పనిచేశారు. చివరి దశలో చాలా ఏళ్లు శంషాబాద్‌లో గడిపారు. పెళ్లి చేసుకోలేదు. ఒక ప్రపంచ యుద్ధాన్ని, 1918 నాటి విషజ్వరాలను, 1930ల ఆర్థిక మాంద్యాన్ని, రెండో ప్రపంచ యుద్ధాన్ని చూశారు. మాంద్యం రోజుల్లో కాన్సాస్ పొలాలను కరువూ దుమ్ము తుఫానులూ ముంచేశాయి. అక్కడి రైతులు పంపే కానుకలే ఇక్కడి మిషన్‌కు ఆధారం. ఆ కానుకలు తగ్గాయి. పని మాత్రం తగ్గలేదు. తిరిగి వెళ్లిపోవడానికి కారణాలు ఎన్నో ఉన్నాయి. ఆమె మాత్రం పని వదలలేదు. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. విశ్వాసంలో స్థిరంగా ఉండటమంటే గొంతు పెంచి వాదించడమని, పక్కవాడి దేవుణ్ణి తక్కువ చేయడమని కొందరు అనుకుంటారు. కేథరీనా స్థిరత్వం ఆ రకం కాదు. పొద్దున లేవడం, ప్రార్థన చేసుకోవడం, వచ్చిన రోగిని చూడటం, మర్నాడు మళ్లీ అదే పని. ఎవరూ మెచ్చుకోని రోజున కూడా అదే పని. ఇలా దాదాపు నాలుగు దశాబ్దాలు. ఒక్కరోజు ఉత్సాహం ఎవరికైనా ఉంటుంది. నిజమైన పరీక్ష పదివేల రోజుల ఓపికే.

ఆమె తర్వాత ఆ వైద్యసేవ ఆగిపోలేదు. స్వాతంత్ర్యం వచ్చాక జడ్చర్లలో మెనోనైట్ బ్రదరెన్ ఆసుపత్రి వచ్చింది. పాలమూరులో చాలా ఊళ్లవాళ్లకు అది తెలిసిన పేరే. సంఘాల బాధ్యత కూడా క్రమంగా మన తెలుగు కాపరుల చేతికి వచ్చింది. విత్తినవారు వెళ్లిపోయాక కోత కోసినవారు మనవాళ్లే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! హాస్టల్లో, కాలేజీలో, పట్నం ఉద్యోగంలో మన నమ్మకాన్ని చూసి నవ్వేవారు ఉంటారు. తండా పేరు చెప్పుకోవడానికే సిగ్గుపడేలా చేసేవారూ ఉంటారు. అప్పుడు కోపంతో ఊగిపోవద్దు, భయంతో దాక్కోవద్దు. సముద్రాలు దాటి వచ్చి, మన మట్టి మీద మనకోసం పనిచేసి, ఇక్కడే ఊపిరి వదిలిన ఆ డాక్టరమ్మను తలచుకుందాం. నమ్మిన మాట మీద నిలబడదాం. ఆ నిలకడ నోటి మాటల్లో కంటే మన చదువులో, మన సేవలో, తండాలో ముసలివాళ్లకు మనం చేసే సాయంలో కనబడనిద్దాం. ఆమెకు మన సంఘం చెల్లించే నివాళి అదే.