తాండ్ర పాపారాయుడు: న్యాయమా, ప్రతీకారమా?

శ్రీకాకుళం, విజయనగరం సీమలలో జంగం కథల ద్వారా చిరంజీవియైన వీరుడు తాండ్ర పాపారాయుడు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు బొబ్బిలి కోటను కూల్చినప్పుడు ఆయన రాజాంలో ఉన్నాడంటారు. ప్రభువు రంగారావు నేలకొరిగాడు. కోటలోని స్త్రీలు, బాలలు అసువులు బాసారు. బుస్సీని ఇందుకు పురికొల్పినవాడు విజయనగర ప్రభువు పూసపాటి విజయరామరాజు. మూడవనాటి రాత్రి పాపారాయుడు ఆ ప్రభువు గుడారంలో ప్రవేశించి, నిద్రిస్తున్న వానిని పొడిచి, తానూ అక్కడే ప్రాణాలు విడిచాడని జనశ్రుతి. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ మాత్రం అది పేరు తెలియని ఇద్దరు బొబ్బిలి సైనికుల పనిగా వ్రాశాడు. పేరు ప్రజలే పెట్టుకున్నారనుకున్నా తప్పులేదు.

థామస్ కిడ్ రచించిన స్పానిష్ ట్రాజెడీ నాటకంలో హీరోనిమో స్వయంగా న్యాయాధికారి. కుమారుని హత్యకు రాజసన్నిధిలో న్యాయం దొరకకనే కత్తి పట్టాడు. పాపారాయునికి మొరపెట్టుకొనేందుకు ఆ సన్నిధి కూడా లేదు. 1753లోనే సలాబత్ జంగు ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. తీర్పు చెప్పవలసినవాడూ బుస్సీయే కదా!

విజయరామరాజు వారసుడు ఆనందగజపతి మరుసటి ఏడే ఇంగ్లీషువారితో చేతులు కలిపాడు. బుస్సీ మాత్రం ఏ బాకుకూ చిక్కక, 1785లో పుదుచ్చేరిలో మరణించాడు.