ఏఎస్ రావు: అణు రియాక్టరు కొలమానాలను స్వదేశంలోనే తయారుచేయించిన తెలుగు ఇంజినీరు

హైదరాబాద్ ఈశాన్య భాగంలోని ఏఎస్ రావు నగర్ పేరు వినని నగరవాసి అరుదు. బస్సు బోర్డుల మీద, దుకాణాల చిరునామాల్లో ఆ పేరు నిత్యం కనిపిస్తూనే ఉంటుంది. అయితే అది అయ్యగారి సాంబశివరావు అనే ఇంజినీరు పేరని, దేశంలో తొలి అణు రియాక్టరును అదుపులో ఉంచిన ఎలక్ట్రానిక్ పరికరాలను రూపొందించిన బృందానికి ఆయనే సారథి అని తెలిసినవారు అంతమంది ఉండరు.

స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకాల్లో ఎలక్ట్రానిక్ పరికరం అంటే ప్రధానంగా ఓడలో దిగే సరుకు. దానిని కొనడానికి విదేశీ మారకద్రవ్యం కావాలి. తెప్పించడానికి ప్రభుత్వ అనుమతి కావాలి. చెడిపోతే విడిభాగం కోసం మళ్లీ అమ్మినవారి గుమ్మం తొక్కాలి. అంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉంది. కొలిచే సాధనం చేతిలో లేని దేశం, తాను తయారుచేసిన వస్తువు సరిగా ఉందో లేదో తానే తేల్చుకోలేదు. సాంబశివరావు వృత్తి జీవితం దాదాపు అంతా ఈ చిక్కును విప్పడంలోనే గడిచింది.

మొగల్లు నుంచి స్టాన్‌ఫర్డ్ వరకు

సాంబశివరావు 1914 సెప్టెంబరు 20న, నేటి పశ్చిమ గోదావరి జిల్లాలో భీమవరానికి సమీపంలోని మొగల్లు గ్రామంలో జన్మించారు. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు పూర్వీకులది కూడా ఆ ఊరే. ఉన్నత విద్య కోసం కాశీ వెళ్లి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ పూర్తిచేశారు. తరువాత కొన్నేళ్లు అక్కడే అధ్యాపకుడిగా పనిచేశారు.

రెండో ప్రపంచ యుద్ధకాలం రేడియో విజ్ఞానాన్ని కొత్త మలుపు తిప్పింది. శత్రు విమానాన్ని దూరం నుంచే పసిగట్టే రాడార్ కోసం అతి స్వల్ప తరంగాలను పుట్టించడం, అందుకోవడం, కొలవడం అవసరమయ్యాయి. ఈ రంగానికి కీలకమైన క్లిస్ట్రాన్ అనే ఎలక్ట్రాన్ గొట్టం 1937లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకుంది. సాంబశివరావు 1940లలో అదే విశ్వవిద్యాలయానికి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజినీరింగులో మాస్టర్స్ పట్టా పొందారు. భౌతికశాస్త్రం చదివిన అధ్యాపకుడు ఆ విధంగా ఇంజినీరు అయ్యారు.

ఆయన తిరిగి వచ్చేనాటికి హోమీ భాభా 1945లో నెలకొల్పిన టాటా మౌలిక పరిశోధనా సంస్థ బొంబాయిలో పని మొదలుపెట్టింది. సాంబశివరావు అందులో చేరి, భాభాతో కలిసి కాస్మిక్ కిరణాల పరిశోధనలో పాల్గొన్నారు.

ప్రయోగానికి ముందు పరికరం

అంతరిక్షం నుంచి భూమి మీదికి నిరంతరం దూసుకువచ్చే శక్తిమంతమైన కణాలే కాస్మిక్ కిరణాలు. వాటిని లెక్కించడానికి గైగర్ కౌంటర్లను బెలూన్లకు కట్టి ఎంతో ఎత్తుకు పంపేవారు. కణం తగిలిన ప్రతిసారీ కౌంటరులో చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. దానిని పెంచాలి, లెక్కపెట్టాలి, ఆ లెక్క కిందికి చేరేలా చూడాలి. ఇందుకు కావలసిన వలయాలు బజారులో దొరికేవి కావు. వాల్వులు, రెసిస్టర్లు, కెపాసిటర్లు సమకూర్చుకొని పరిశోధకులే కట్టుకోవాలి. ప్రయోగం చేసేవాడే పరికరం తయారుచేసేవాడు కూడా కావలసిన రోజులవి.

అణుశక్తి కార్యక్రమం మొదలయ్యాక ఈ అవసరం మరింత పెరిగింది. ఒక పదార్థం నుంచి వికిరణం వెలువడుతోందని తెలిస్తే చాలదు, ఏ శక్తితో ఎంత వెలువడుతోందో తెలియాలి. సీసియం 137 నుంచి వచ్చే గామా కిరణానికి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి ఉంటుంది. కోబాల్టు 60 నుంచి 1173, 1332 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కిరణాలు రెండు వస్తాయి. డిటెక్టరులో పుట్టే స్పందన ఎత్తు కిరణం శక్తిని బట్టి మారుతుంది. ఆ స్పందనలను ఎత్తుల వారీగా వేరుచేసి, ఒక్కో గడిలో ఎన్ని పడ్డాయో లెక్కించే యంత్రమే మల్టీ ఛానెల్ ఎనలైజర్. అది గీసే పటం వికిరణపు వర్ణపటం. అందులోని శిఖరాలను చూసి మూలకాన్ని గుర్తుపట్టవచ్చు. ఇటువంటి ఎనలైజర్లను ట్రాంబేలోనూ, తరువాత హైదరాబాదులోనూ మనవారే తయారుచేశారు.

హ్యామ్ రేడియో అభిరుచి ఉన్నవారికి ఈ తరహా సమస్య సుపరిచితం. 7 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం చేసే ట్రాన్స్‌మిటరు, దానితో పాటే 14, 21 మెగాహెర్ట్జ్ వద్ద అనవసరపు సంకేతాలను కూడా వెదజల్లుతుంది. వాటిని ఆపడానికి ఒక తీగచుట్ట, రెండు కెపాసిటర్లతో ఫిల్టరు కట్టుకోవచ్చు. కానీ ఆ ఫిల్టరు నిజంగా ఆపుతోందా? ఏ పౌనఃపున్యం వద్ద ఎంత బలం ఉందో తెరమీద చూపే స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంటే తప్ప చెప్పలేరు. ప్రయోగశాల స్థాయి యంత్రం ధర లక్షల్లో ఉంటుంది. అందుకే చాలామంది దానిని ఇంట్లోనే నిర్మించుకుంటారు.

ఆ నిర్మాణ సూత్రం మామూలు రేడియోదే. క్రమంగా పౌనఃపున్యం మారుతూ పోయే ఆసిలేటరు ఒకటి, వచ్చిన సంకేతాన్ని దానితో కలిపే మిక్సరు, ఒకే ఒక ఇరుకు పట్టీని మాత్రమే పోనిచ్చే క్రిస్టల్ ఫిల్టరు, చివర ఒక డిటెక్టరు. ఆ డిటెక్టరు లాగరిథమ్ లెక్కన పనిచేయాలి. బలమైన సంకేతానికీ, దానికన్నా పదిలక్షల వంతు తక్కువ బలమున్న సంకేతానికీ ఒకే తెరమీద చోటు దొరకాలంటే అదే మార్గం. కొలమానాన్ని ఇలా కుదించే ఉపాయమే అణు రియాక్టరు దగ్గరా అక్కరకు వచ్చింది.

అప్సరకు కళ్లూ చెవులూ

1954లో ట్రాంబేలో అణుశక్తి సంస్థ ఏర్పడింది. అక్కడ ఈతకొలను తరహా రియాక్టరు నిర్మించాలని భాభా సంకల్పించారు. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది. నియంత్రణ పరికరాలు మాత్రం సాంబశివరావు నాయకత్వంలోని ఎలక్ట్రానిక్స్ బృందమే రూపొందించింది.

ఇది చిన్న బాధ్యత కాదు. రియాక్టరు లోపల ఏం జరుగుతోందో మనిషి చూడలేడు, తాకలేడు. న్యూట్రాన్ల సంఖ్య చెప్పే సూచికలే అతనికి కళ్లూ చెవులూ. రియాక్టరు మేల్కొనే దశలో న్యూట్రాన్లు అతి స్వల్పం. పూర్తి సామర్థ్యానికి చేరేసరికి వాటి సంఖ్య కోట్ల రెట్లు పెరుగుతుంది. ఈ మొత్తం పరిధిని ఒకే కొలమానం మీద చూపాలంటే లాగరిథమిక్ ఆంప్లిఫయర్ ఉండాలి. న్యూట్రాన్ల సంఖ్య ఎంత వేగంగా పెరుగుతోందో వేరొక పరికరం చెబుతుండాలి. ఆ వేగం హద్దు దాటితే మనిషి ఆజ్ఞ కోసం ఆగకుండా నియంత్రణ కడ్డీలు కిందికి పడి చర్యను ఆపేయాలి. పరికరం తప్పు చెబితే దిద్దుకునే వ్యవధి ఉండదు.

1956 ఆగస్టు 4న ఆ రియాక్టరులో గొలుసు చర్య మొదలైంది. సోవియట్ యూనియన్‌ను మినహాయిస్తే ఆసియాలో అదే మొదటి అణు రియాక్టరు. దానికి అప్సర అని పేరు పెట్టారు. 1960లో సాంబశివరావును కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 1965లో ఇంజినీరింగ్ విభాగంలో శాంతి స్వరూప్ భట్నాగర్ పురస్కారం లభించింది.

నలుగురి కమిటీ, అందులో ఇద్దరు తెలుగువారు

1962 చైనా యుద్ధం దేశ రక్షణలోని లోపాలను బయటపెట్టింది. ఎలక్ట్రానిక్స్ రంగంలో వెనుకబాటు వాటిలో ఒకటి. మరుసటి సంవత్సరం ఆగస్టులో భాభా అధ్యక్షతన కేంద్రం ఒక ఎలక్ట్రానిక్స్ కమిటీని నియమించింది. విక్రమ్ సారాభాయ్, సూరి భగవంతం, సాంబశివరావు అందులో సభ్యులు. భగవంతం నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లికి చెందిన భౌతికశాస్త్రవేత్త.

దేశానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు ఏవి, వాటిలో ఇక్కడే తయారుచేయగలిగినవి ఏవి, అందుకు ఎంత పెట్టుబడి అవసరం అన్న అంశాలను ఆ కమిటీ పరిశీలించింది. నివేదిక వెలువడింది 1966లో. అప్పటికి భాభా లేరు. ఆ ఏడాది జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో జరిగిన విమాన ప్రమాదంలో ఆయన కన్నుమూశారు.

భాభా మరణించిన మరుసటి సంవత్సరమే, 1967 ఏప్రిల్ 11న, హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్ ఏర్పాటైంది. ట్రాంబేలో పరిశోధకుల బల్లల మీద పుట్టిన పరికరాలను కర్మాగారంలో తయారుచేసి దేశమంతటికీ అందించడం దాని లక్ష్యం. ఆ సంస్థకు తొలి సారథి సాంబశివరావు. ఒక నమూనాను జాగ్రత్తగా కట్టడం ఒక విద్య. దానినే వందలసార్లు తేడా లేకుండా కట్టడం వేరొక విద్య. ఆ రెండో విద్యకు హైదరాబాద్ వేదికైంది.

ఫలితాలు, విమర్శలు

1969లో రూపొందిన ట్రాంబే డిజిటల్ కంప్యూటర్, టీడీసీ 12, ఈ సంస్థ కంప్యూటర్ల ప్రస్థానానికి నాంది. తరువాత టీడీసీ 312, టీడీసీ 316 వచ్చాయి. ఈసీ టీవీలు మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. ఎన్నికల సంఘం 1977లో ఓటింగ్ యంత్రం రూపకల్పనను ఈ సంస్థకే అప్పగించింది. 1979లో నమూనా సిద్ధమైంది.

అయితే ప్రయాణమంతా ప్రశంసలతోనే సాగలేదు. దిగుమతులపై ఆంక్షలు, ప్రభుత్వ సంస్థకు ప్రాధాన్యం వల్ల కంప్యూటర్లు కొనేవారికి ఎంపిక తగ్గిపోయిందని, ధర, వేగం విషయాల్లో విదేశీ యంత్రాలకు స్వదేశీ యంత్రాలు దీటుగా లేవని 1970లలో విమర్శలు వచ్చాయి. ఆ దశకం చివర మినీ కంప్యూటర్ల తయారీలోకి ప్రైవేటు సంస్థలను అనుమతించారు. కంప్యూటర్లు, టీవీల మార్కెట్‌లో ఈసీఐఎల్ ప్రాబల్యం క్రమంగా తగ్గింది. స్వావలంబన పేరిట కొనుగోలుదారు భరించిన ఖర్చు ఎంత అన్న చర్చ నేటికీ ముగియలేదు.

ఆ చర్చకు రెండో పార్శ్వం 1974లో కనిపించింది. ఆ ఏడాది మే 18న పోఖ్రాన్‌లో భారత్ అణు పరీక్ష జరిపింది. రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రానికి సహకరిస్తున్న కెనడా వెనక్కి తగ్గింది. రెండో యూనిట్‌ను మన ఇంజినీర్లే పూర్తిచేయవలసి వచ్చింది. తలుపులు మూసుకున్న ఆ కాలంలో రియాక్టరు నియంత్రణ వ్యవస్థలను స్వయంగా తయారుచేయగల కర్మాగారం హైదరాబాదులో అప్పటికే ఉండటం దేశానికి అండ అయింది.

కాక్రాపార్ నుంచి భేస్తాన్ దాకా

ఆ తరువాత దేశంలో కట్టిన భారజల రియాక్టర్లకు నియంత్రణ, పరికర వ్యవస్థలను ఈసీఐఎల్ అందిస్తూ వచ్చింది. గుజరాత్‌లో సూరత్‌కు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని కాక్రాపార్ వాటిలో ఒకటి. అక్కడి మొదటి యూనిట్‌లో 1992 సెప్టెంబరులో, రెండో యూనిట్‌లో 1995 జనవరిలో గొలుసు చర్య మొదలైంది. పూర్తిగా స్వదేశీ రూపకల్పనతో కట్టిన తొలి 700 మెగావాట్ల రియాక్టరు కూడా అక్కడిదే. అది 2020 జులైలో ఆ దశకు చేరింది.

సూరత్ నగరానికి తెలుగువారితో ఉన్న బంధం మగ్గాలది. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. నగరపు దక్షిణ కొసన ఉన్న భేస్తాన్ వంటి పారిశ్రామిక ప్రాంతాలకు కరెంటు నిలకడే జీవనాధారం. మగ్గం ఆగితే ఆ రోజు కూలీ ఆగుతుంది. పశ్చిమ గ్రిడ్ ద్వారా వచ్చే ఆ విద్యుత్తులో కాక్రాపార్ వాటా కూడా కలిసే ఉంటుంది. దాని వెనుక గోదావరి జిల్లా ఇంజినీరు ఒకరు వేసిన పునాది ఉందన్న సంగతి అక్కడి తెలుగువారిలో ఎందరికి తెలుసో.

1972లో సాంబశివరావుకు పద్మభూషణ్ లభించింది. 1970ల చివరిలో ఆయన సంస్థ బాధ్యతల నుంచి వైదొలిగారు. 2003 అక్టోబరు 31న కన్నుమూశారు.

ఆయన మరణించిన ఐదేళ్లకు, 2008లో, చంద్రయాన్ 1 ప్రయోగం జరిగింది. చంద్రుడి చుట్టూ తిరుగుతున్న ఉపగ్రహం పంపే బలహీనమైన రేడియో సంకేతాలను అందుకోవడానికి బెంగళూరు సమీపంలోని బ్యాలాళులో 32 మీటర్ల వ్యాసంతో ఒక యాంటెనాను నెలకొల్పారు. ఇస్రో కోసం దానిని నిర్మించడంలో ప్రధాన బాధ్యత వహించింది ఈసీఐఎల్.