గీతలలో జీవించిన నస్రీన్ మొహమ్మదీ

నందవరం నుండి ఎమ్మిగనూరుకు వెళ్ళివచ్చే మన విద్యార్థులకు మగ్గము కొత్త వస్తువు కాదు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘము వలన ఆ ఊరి పేరు దూరప్రాంతములకు పాకినది. అయినను మగ్గముపై బిగించిన పడుగును, అది వస్త్రము కాకమునుపే, కేవలము దారముల వరుసగా నిలిచి చూచినవారు మనలో ఎందరు? అట్లు చూచి, ఛాయాచిత్రము తీసి, ఆ చూపునే కాగితముపై గీతలుగా నిలిపిన చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీని మా పాఠకులకు పరిచయము చేయదలచినాము.

ఆమె 1937లో కరాచీలో ఒక సంపన్న ముస్లిం కుటుంబమున జన్మించినది. పసితనముననే తల్లిని కోల్పోయినది. 1944లో కుటుంబము బొంబాయికి తరలివచ్చినది. తండ్రికి బహ్రెయిన్‌లో ఛాయాచిత్ర పరికరముల దుకాణముండెడిది. కెమెరాతో ఆమె చెలిమి అక్కడినుండియే మొదలైనదని మేము భావించుచున్నాము. 1954 నుండి 1957 వరకు లండన్‌లోని సెయింట్ మార్టిన్స్ కళాశాలలో చదివినది. తిరిగివచ్చి బొంబాయిలోని భూలాభాయ్ దేశాయ్ సంస్థలో పనిచేయుచు, నైరూప్య చిత్రకారుడు గైతోండే సాంగత్యమును పొందినది. 1961లో తొలి ప్రదర్శన జరిగినది. ఆపై ఫ్రెంచి ప్రభుత్వ విద్యార్థివేతనముపై రెండేండ్లు పారిస్ వాసము.

1972లో బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున అధ్యాపకురాలిగా చేరినది. అసలు కథ ఇక్కడనే ఆరంభమగును. ఆనాటి బరోడాలో మనుష్యుల కథలను, వీధుల సందడిని రంగులలో చిత్రించు ధోరణి బలపడుచుండెను. ఆమె మాత్రము ఎదురుదిశలో నడచినది. మొదట రంగును విడిచినది, తరువాత కుంచెను విడిచినది. చిన్న కాగితము, పెన్సిలు, నల్లసిరా, ఇంజనీర్లు వాడెడి రూళ్ళు, కొలత సాధనములు – ఇవియే మిగిలినవి.

గీతలు గీయుట కూడ చిత్రలేఖనమేనా అని విద్యార్థులు అడుగవచ్చును. మేమును మొదట అట్లే అడిగినాము. కాని ఆ గీతలను కొంతసేపు ఓపికగా చూడవలెను. గీతకు గీతకు నడుమ ఎడము ఒకచోట దగ్గరగును, మరొకచోట విరియును. సిరా ఒకచోట చిక్కబడును, మరొకచోట పలుచనగును. ఇంతమాత్రముననే చదునైన కాగితమునకు లోతు వచ్చును. కదలని గీత కదలినట్లు తోచును. మాయ కాగితములో లేదు, మన కంటిలోనున్నది. తొలుత అడ్డము నిలువు గళ్ళతో మొదలైన ఈ పని 1980ల నాటికి ఏటవాలు గీతలుగా మారి, చుట్టును తెల్లని శూన్యమును మిగిల్చి, గాలిలో తేలినది. దాదాపు ఏ చిత్రమునకును పేరు లేదు; అనేకములకు తేదీయు లేదు. ఆమె దినచర్య పుస్తకములు మాత్రము ఉన్నవి. వానిలోను కొన్ని పుటలను గీతలతో, పట్టీలతో నింపివేసి, వ్రాసిన మాటలనే కప్పివేసినది.

ఫతేపూర్ సిక్రీ రాతి ప్రాంగణములు, సముద్రతీరపు ఇసుకపై నీడలు, రహదారిపై పూసిన తెల్లని చారలు ఆమె కెమెరాకు చిక్కినవి. ఆదోని జామియా మసీదు ప్రాంగణమున ఎండనీడలు రాతిపై గీతలు గీయుట చూచినవారికి ఈ దృష్టి పరాయిదిగా తోచదు.

ఇంత నిఖార్సయిన గీత గీచిన చేతినే వ్యాధి పట్టుకొన్నది. నాడీమండలమునకు సోకెడి అరుదైన రోగమది. శరీరపు కదలికలు క్రమముగా వశము తప్పును. ఆమె తోబుట్టువులలోను ఆ జబ్బు కనిపించినది. కనుక తనకు రానున్నదేమో ఆమె ఎరుగును. నడక తడబడినను, కాగితముపై గీత మాత్రము తడబడలేదు. కొలత సాధనములను యంత్రముల వలె నిర్జీవమైనవని తలచువారు ఈ సంగతిని గమనింపవలెనని మా మనవి. వణకు చేతికి ఆ రూళ్ళకర్ర ఎంతటి ఊతమై యుండెనో ఊహించుకొనవచ్చును.

1990 మే నెలలో, బొంబాయికి ఆవలనున్న కిహీం సముద్రతీర గ్రామమున ఆమె కన్నుమూసినది. అప్పటికి ఆమెకు 53 ఏండ్లు. జీవించియున్నంత కాలము ఆమెను కొద్దిమందియే ఎరుగుదురు. 2016లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియము తన మెట్ బ్రాయర్ భవనమును తెరచినప్పుడు, తొలి ప్రదర్శనలలో ఒకటి ఆమెదే. మగ్గపు పడుగును తీసిన ఆ ఛాయాచిత్రములను ఆమె మాత్రము తన జీవితకాలమున ఎన్నడును ప్రదర్శనకు పెట్టలేదు.